పసుపు ఎందుకు ఎర్రబడింది?

పిల్లలకు సెలవులొచ్చాయంటే తల్లులకు పని రెట్టింపు. పొద్దున్న తొమ్మిది కాకుండానే "అమ్మా, ఏం తోచట్లేదు" అంటూ కొంగు పట్టుకుని తిరుగుతారు. టీవీ ముందు నుంచి లేపితే ఫోను, ఫోను లాక్కుంటే మళ్ళీ టీవీ. గంటా రెండు గంటలు వాళ్ళను కుదురుగా కూర్చోబెట్టే పని ఏదైనా ఉంటే బాగుండునని అనుకోని తల్లి ఉండదు. అలాంటి పని ఒకటి మన పోపుల డబ్బాలోనే ఉందని నాకు ఓ చొక్కా మరక వల్ల తెలిసింది.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి తెల్ల చొక్కా మీద పప్పు ఒలకబోసుకుంది. మరక చిన్నదే కదా అని బట్టల సబ్బు పెట్టి రుద్దాను. పసుపురంగు మరక కాస్తా ఎర్రగా తిరిగింది! పక్కనే నిలబడి చూస్తున్న పిల్ల "అమ్మా, పసుపు ఎందుకు ఎర్రబడింది?" అని అడిగింది. పొయ్యి మీద కూర మాడుతోందన్న తొందరలో "నాకేం తెలుసే, మీ నాన్న వచ్చాక అడుగు" అన్నాను. "అవున్లే, నీకు సైన్సు రాదు కదా" అంది. వెక్కిరించాలని కాదు పాపం, ఉన్నమాట చెప్పినట్టు చాలా మామూలుగా అంది. ఇంటరుతో చదువు ఆగిపోయిన నాకు ఆ మామూలుతనమే గుచ్చుకుంది.

వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు ఇదంతా విన్నారు. "అంత తెలియని విషయం ఏముందమ్మాయ్ ఇందులో? పెళ్ళిలో నీ కాళ్ళకు పారాణి పెట్టలేదూ? పసుపులో సున్నం కలిపితేనేగా ఎర్రబడింది! సబ్బులోనూ అలాంటిదేదో ఉండుంటుంది" అన్నారు.

అవును కదా! పారాణి మనకు తెలుసు. హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలపడం తెలుసు. పెళ్ళిళ్ళలో వసంతం కలిపి చల్లుకోవడం తెలుసు. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు వస్తుందని మన అమ్మమ్మల అమ్మమ్మలకీ తెలుసు. కానీ పిల్ల అడిగినప్పుడు ఆ సంగతి నోటికి రాలేదు. సైన్సంటే పుస్తకంలో ఉండేదనీ, మనం చేసేది వంటపని అనీ మనమే గీత గీసేసుకున్నాం.

ఆ ఆదివారం నేనూ, మా అమ్మాయీ, దాని తమ్ముడూ కలిసి పసుపు కాగితాలు చేశాం. మీరూ చేయొచ్చు. ఖర్చు కూడా పెద్దగా కాదు.

కావలసినవి

పసుపు - రెండు టేబుల్ స్పూన్లు
డ్రాయింగ్ కాగితాలు - నాలుగైదు (నున్నగా మెరిసేవి వద్దు, నీళ్ళు పీల్చుకునే గరుకు కాగితం మంచిది)
బట్టల సబ్బు - చిన్న ముక్క
వంట సోడా - ఒక టీస్పూను
నిమ్మకాయ - సగం చెక్క
బొమ్మల బ్రష్షు లేదా అగ్గిపుల్లకు చుట్టిన దూది
పాత న్యూస్ పేపర్లు, రెండు మూడు చిన్న గిన్నెలు, పిల్లలకు పాత బట్టలు

చివర చెప్పిన పాత బట్టల సంగతి మరిచిపోకండి. పసుపు మరక ఓ పట్టాన వదలదని మీకు నేను చెప్పక్కర్లేదు.

కాగితం తయారుచేసే పద్ధతి

ముందుగా నేల మీద పాత పేపర్లు పరవండి. పసుపులో కొద్దికొద్దిగా గోరువెచ్చని నీళ్ళు పోస్తూ దోసెల పిండికన్నా కాస్త పలచగా కలపండి. ఉండలు కట్టకుండా కలిపే పని పిల్లలకే అప్పజెప్పండి. ఈ పసుపు నీళ్ళను కాగితానికి ఒకవైపు బ్రష్షుతోగానీ దూదితోగానీ సమంగా పూయాలి. ఆరిన తర్వాత రెండోసారి పూస్తే రంగు బాగా పడుతుంది. పూర్తిగా ఆరాక పైన మిగిలిన పొడిని మెత్తటి గుడ్డతో దులిపేయండి. చక్కటి పసుపు కాగితం తయారైనట్టే.

కాగితాలను ఫ్యాను కింద, నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈలోగా రంగులు సిద్ధం చేసుకోండి. ఒక గిన్నెలో బట్టల సబ్బు తురిమి రెండు చెంచాల వేడినీళ్ళలో కరిగించండి. ఇంకో గిన్నెలో వంట సోడాను రెండు చెంచాల నీళ్ళలో కలపండి. మూడోదాంట్లో నిమ్మరసం పిండండి. సబ్బు నీళ్ళు, సోడా నీళ్ళు, నిమ్మరసం... ఈ మూడింట్లో ఒక్కటి కూడా రంగులా కనిపించదు. పిల్లలు "ఇవేం రంగులమ్మా?" అని పెదవి విరుస్తారు. విరవనివ్వండి!

బొమ్మలు వేద్దామా?

సబ్బునీళ్ళలో బ్రష్షు ముంచి పసుపు కాగితం మీద ఒక గీత గీయమనండి. గీసిన చోటల్లా ఇటుక రంగు ఎరుపు పైకొస్తుంది. సోడా నీళ్ళతో గీస్తే అంత ముదురు రాదు, నారింజ రంగులోకి తిరుగుతుంది. అంటే మనకు రెండు రంగులు వచ్చినట్టే. పెంకుటింటి కప్పుకు సబ్బునీళ్ళు, చెట్టు మీద పళ్ళకు సోడా నీళ్ళు. గీత వంకర పోయిందా? దాని మీద ఒక్క చుక్క నిమ్మరసం వేయండి. ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. నిమ్మరసమే మన రబ్బరు!

మా చిన్నవాడు ఈ రబ్బరు సంగతి తెలిశాక బొమ్మ వేయడం మానేశాడు. గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం... పావుగంటసేపు అదే పని. కాగితం తడిసి చిరిగేదాకా వదల్లేదు. పోనిద్దురూ, వాడి ఆనందం వాడిది.

పుట్టినరోజుకో, పండక్కో గ్రీటింగు కార్డు చేయాలంటే ఇంకో కిటుకు ఉంది. తెల్ల కాగితం మీద చిక్కటి సోడా నీళ్ళతో శుభాకాంక్షలు రాసి ఆరనివ్వండి. ఆరాక ఏమీ కనిపించదు. కార్డుతోపాటు చిన్న పొట్లంలో పసుపు, ఓ దూది ఉండ ఇవ్వండి. అందుకున్నవాళ్ళు తడి పసుపును కాగితం మీద మెల్లగా అద్దితే దాక్కున్న అక్షరాలు నారింజ రంగులో బయటపడతాయి. మా అమ్మాయి ఇలా రాసిన మొదటి ఉత్తరం వాళ్ళ నాన్నమ్మకే ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, అద్ది, చదువుకుని, ఆ కాగితాన్ని భాగవతం పుస్తకంలో దాచుకున్నారు.

అసలు కారణం ఏమిటి?

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్కుమిన్. దీన్ని 1815లోనే పసుపులోంచి విడిగా తీశారు. మన చుట్టూ ఉన్న పదార్థాల్లో కొన్నింటికి ఆమ్ల గుణం ఉంటుంది. నిమ్మరసం, చింతపండు, పెరుగు, వెనిగర్ ఈ జాతివి. నాలుకకు పుల్లగా తగులుతాయి. కొన్నింటికి క్షార గుణం ఉంటుంది. సున్నం, సబ్బు, సోడా, బూడిద నీళ్ళు ఈ జాతివి. వేళ్ళ మధ్య జారుడుగా అనిపిస్తాయి.

క్షారం తగిలినప్పుడు కర్కుమిన్‌లోంచి కాస్త హైడ్రోజన్ విడిపోతుంది. దాంతో అది వెలుతురును పీల్చుకునే తీరు మారుతుంది, మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మరసం వేస్తే పోయిన హైడ్రోజన్ తిరిగి చేరుతుంది, పసుపు రంగు మళ్ళీ వస్తుంది. చొక్కా మీద ఎర్రబడిన మరక నాలుగు నీళ్ళలో జాడించాక మళ్ళీ పసుపుగా కనిపించేదీ ఇందుకే. సబ్బు వదిలిపోతే ఎరుపూ వదిలిపోతుంది.

పై తరగతుల్లో ఆమ్లాలు, క్షారాలు పాఠం వచ్చినప్పుడు లిట్మస్ కాగితం గురించి పిల్లలు చదువుకుంటారు. మన పసుపు కాగితం దాని చుట్టమే. ఒకసారి చేత్తో చేసిన పిల్లలు ఆ పాఠాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ఇల్లంతా సోదా

మిగిలిన కాగితాన్ని వేలెడంత పట్టీలుగా కత్తిరించండి. ఇక పిల్లల్ని ఇల్లంతా సోదా చేయనివ్వండి. అయితే ఒక నియమం పెట్టండి. ముంచే ముందు "ఎర్రబడుతుందా, పడదా?" అని ఊహించి నోటుపుస్తకంలో రాయాలి. ఆ తర్వాతే ముంచాలి. ఏం జరిగిందో పక్కన రాయాలి. ఊహ తప్పినా కొట్టివేయకూడదు.

పెరుగు, చింతపండు పులుసు, పంచదార నీళ్ళు, ఉప్పు నీళ్ళు... వీటిలో కాగితం పసుపుగానే ఉంటుంది. కట్టెల పొయ్యి బూడిద కలిపిన నీళ్ళలో ఎర్రబడుతుంది. మా అత్తగారు వాళ్ళ చిన్నతనంలో బూడిదతో గిన్నెలు తోమేవారు, చాకిరేవులో చవుడు మట్టితో బట్టలు ఉతికేవారు. జిడ్డు ఎందుకు వదిలేదో అర్థమైందా? క్షారం జిడ్డును విడగొడుతుంది.

అన్నిటికన్నా తమాషా స్నానం సబ్బులతో వస్తుంది. తడిపిన సబ్బుబిళ్ళ మీద కాగితం ఒత్తితే కొన్ని ఎర్రబరుస్తాయి, కొన్ని బరచవు. చూడ్డానికి అన్నీ సబ్బులే అయినా, కొన్నింటిని క్షారం లేకుండా వేరే పద్ధతిలో తయారుచేస్తారు. షాంపూలో కూడా సాధారణంగా రంగు మారదు. మా అమ్మాయి "సబ్బంటే ఎర్రబడుతుంది" అని గట్టిగా రాసుకుంది. షాంపూ దగ్గర బోల్తా పడింది. కాసేపు మూతి ముడుచుకుని, "అయితే షాంపూ సబ్బు కాదా?" అని అడిగింది. అలాంటి ప్రశ్న రావడమే మనకు కావాల్సింది.

ఒక్కటి గుర్తుంచుకోండి. పసుపు కాగితం క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. నిమ్మరసానికీ మంచినీళ్ళకీ తేడా చెప్పలేదు. అలాగే మీరు కొన్న పసుపు కల్తీదో కాదో కూడా ఈ పరీక్ష తేల్చదు.

పెరటి పూలు కూడా పలుకుతాయి

నిమ్మరసానికి కూడా రంగు మారాలంటే శంఖుపుష్పాలు తెచ్చుకోండి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి ఎర్ర క్యాబేజీ వాడమని ఉంటుంది. అది అన్నిచోట్లా దొరకదు. మన పెరటి దడి మీద పాకే నీలం శంఖుపుష్పాలు దానికేం తీసిపోవు. పది పన్నెండు పూల రేకులు వేడినీళ్ళలో వేసి మూత పెడితే పది నిమిషాల్లో నీళ్ళు చక్కటి నీలంగా మారతాయి. వాటిని మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచి, రెండోదాంట్లో నిమ్మరసం పిండితే ఊదా రంగులోకి మారుతుంది. మూడోదాంట్లో సోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఎర్ర మందార రేకులతో అయితే నిమ్మరసానికి గులాబీ ఎరుపు, సోడాకు ఆకుపచ్చ వస్తాయి. ఈ నీళ్ళతో తెల్ల కాగితం మీద రంగులు వేయించండి. కొన్న రంగుల డబ్బా అక్కర్లేదు.

వేపాకు వేసిన బొమ్మ

కాగితాలు ఎండలో ఆరబెట్టవద్దన్నాను కదా, అది మా అనుభవమే. మొదటిసారి తొందరగా ఆరతాయని డాబా మీద ఎండలో పరిచి వచ్చాం. భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే రంగంతా వెలిసిపోయింది. మా అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. కాగితాలు తీసి చుట్టబోతుంటే ఒకదాని మీద పక్క చెట్టు వేపాకు రాలి పడి ఉంది. దాన్ని తీస్తే అడుగున వేపాకు ఆకారం పసుపుగా అచ్చుపడి కనిపించింది! ఎండ తగిలిన మేర వెలిసింది, ఆకు నీడలో ఉన్న మేర నిలిచింది.

కర్కుమిన్‌ను వెలుతురు విరగ్గొడుతుంది. పసుపు మరక బట్టను ఎండలో ఆరేస్తే మరక తగ్గుతుందని మనం చేసేదీ ఇదే. మొక్కల రంగుల మీద ఎండ చేసే ఈ పనితో ఇంగ్లాండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లోనే బొమ్మలు అచ్చువేసి చూపించాడు.

మీరు కావాలని చేయాలంటే, పసుపు కాగితం మీద కరివేపాకు రెమ్మో, వేపాకో, చిన్న ఫెర్న్ ఆకో పరిచి, పైన గాజు పలక పెట్టి (అంచులు కోసుకోకుండా ఫొటో ఫ్రేములోని అద్దమైతే మేలు), పదకొండింటి నుంచి మూడింటి దాకా ఎండలో ఉంచండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకాస్త సమయం పడుతుంది. తీశాక పలచటి సోడా నీళ్ళు బ్రష్షుతో పూస్తే ఆకు బొమ్మ ఎర్రబారి స్పష్టంగా తేలుతుంది. ఆరబెట్టి, ఎండ తగలని గోడకు తగిలించుకోండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పారాణి సున్నంతో అవుతుంది కదా, సున్నమే వాడేద్దామని మాత్రం అనుకోకండి. పిల్లల ప్రయోగాలకు సున్నం వద్దే వద్దు. తమలపాకుల్లోకి, పొగాకులోకి వాడే సున్నం పాకెట్లు, డబ్బాలు పిల్లలకు అందకుండా పెట్టండి. ఆటగా నొక్కితే పాకెట్టు పగిలి సున్నం కళ్ళలోకి చిమ్ముతుంది. చూపు పోయే ప్రమాదం ఉంది.

పొరపాటున పడితే కన్ను నలపకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని, అరగంట సేపు ఆపకుండా మంచినీళ్ళు ధారగా పోస్తూ కడగాలి. కనిపించిన సున్నం పలుకులు కొట్టుకుపోయేలా చూడాలి. వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "నిమ్మరసం సున్నాన్ని విరుస్తుంది" అని ఇప్పుడే నేర్చుకున్న పిల్లలు కంట్లో నిమ్మరసం వేయబోవచ్చు. కాగితం మీద చేసే పని కంట్లో చేయకూడదని ముందే చెప్పి ఉంచండి.

సోదాలో బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగు పౌడరు, ఫినాయిల్ జోలికి పోనివ్వకండి. ప్రయోగానికి వాడిన పసుపూ, పూల నీళ్ళూ తాగకూడదు. గిన్నెలు వేరుగా పెట్టుకోండి. వేడినీళ్ళ పని మీరే చేయండి.

గిన్నెల దగ్గర పుట్టిన శాస్త్రం

వంటింట్లో శాస్త్రం ఏముంటుందిలే అనుకునేవాళ్ళకు ఒకావిడ గురించి చెప్పాలి. ఆవిడ పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో పుట్టారు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఉండేవారు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. తమ్ముడు భౌతికశాస్త్రం చదువుకుంటే, ఈవిడ ఇంటిపనీ, జబ్బుపడిన తల్లిదండ్రుల సేవా చూసుకున్నారు. గిన్నెలు కడిగే నీళ్ళ మీద జిడ్డు తేలినప్పుడు, సబ్బు పడినప్పుడు నీటి పైపొర బిగువు ఎలా మారుతోందో గమనించారు. గమనించి ఊరుకోలేదు. కొలవడానికి ఇంట్లోనే ఓ చిన్న తొట్టి పరికరం తయారుచేసుకున్నారు. 1891లో ఆ వివరాలన్నీ ఇంగ్లాండులోని పెద్ద శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు. 1932లో ఆవిడ ఊళ్ళోని సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆవిడకు 70 ఏళ్ళు.

మనమందరం అంతటివాళ్ళం కాకపోవచ్చు. కానీ రోజూ గిన్నెల ముందు నిలబడేది మనమే, పక్కన చేరి "ఎందుకు?" అని అడిగే పిల్లలు ఉండేదీ మన పక్కనే. జవాబు తెలియకపోవడం తప్పేం కాదు. "నాకేం తెలుసు, మీ నాన్ననడుగు" అంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మళ్ళీసారి పిల్ల మనల్ని అడగదు. "నాకూ తెలీదు, చూద్దాం పద" అంటే ఇద్దరం కలిసి తెలుసుకుంటాం.

మొన్న బీట్‌రూట్ తరుగుతుంటే మా అమ్మాయి వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "అమ్మా, దీంట్లో సోడా వేస్తే ఏమవుతుంది?" అంది. "నాన్న వచ్చాక అడుగుతావా?" అన్నాను నవ్వుతూ. "నాన్నకేం తెలుసు, ఆయనెప్పుడూ చూడలేదుగా" అంటూ సోడా డబ్బా అందుకుంది.

ఏమవుతుందో నేను చెప్పను. ఈ ఆదివారం మీ ఇంట్లో చూడండి!